వేళ యెరిగిన విసనకర్ర

వేసవి మధ్యాహ్నమున కొండదారి యెక్కుచున్న లారీని చూడనివారు మనలో అరుదు. అనంతగిరి ఘాటులోనో, నల్లమల మలుపులలోనో, నిండు బరువుతో అది మనిషి నడకకంటె కొంచెము వేగముగా మాత్రమే కదలుచుండును. ఇంజను తన శక్తినంతయు ధారపోయుచుండును. బండి మెల్లగా పోవుటచే ఎదురుగాలి మాత్రము చాలదు. అట్టి సమయమున దాని ముందుభాగమునుండి ఒక్కసారిగా పెద్ద హోరు బయలుదేరును. కొండ దాటి, చదునునేలపై కొంతదూరము పరుగెత్తిన పిమ్మట ఆ హోరు తనంతట తానే అణగిపోవును. డ్రైవరు ఏ మీటను నొక్కలేదు, ఏ తీగెను లాగలేదు. మరి ఆ గాలిని పిలిచిన దెవరు? పని తీరిన వెంటనే సెలవిచ్చి పంపిన దెవరు?

ఇటీవలి లారీలలో అనేకములందు, ఇంజనునకును విసనకర్రకును నడుమ చిన్న పళ్లెమంత లోహపు డబ్బి యొకటి ఆ పని చేయుచున్నది. మెకానిక్కులు దానిని ఫాను క్లచ్ అందురు. పైకి చూచిన దానిలో విశేషమేమియు కానరాదు. వెనుకవైపున ఒక ఇరుసు, చుట్టును వేడి విడుచుటకై సన్నని గట్లు, ముందువైపు నడుమ గడియారపు స్ప్రింగువలె చుట్టిన ఒక లోహపు పట్టీ, అంతియే. కాని దాని గర్భమున వేర్వేరు కాలములకు, వేర్వేరు వృత్తులకు చెందిన మూడు ఆలోచనలు కలిసి కాపురము చేయుచున్నవి. అందు రెండు మోటారు బండి కొరకు పుట్టినవే కావు. ఒకటి నావికులకు దారి చూపు గడియారము కొరకు పుట్టినది. వేరొకటి ప్రయోగశాలలో ఒక రసాయన శాస్త్రజ్ఞుని విసిగించిన జిగట పదార్థము. ఈ చరిత్ర తెలిసినవానికి ఆ డబ్బి ఎందుకు పనిచేయునో తెలియును. ఎందుకు చెడునో కూడ తెలియును.

మొదట వేడి సంగతి చూతము. మంటను మింగి బ్రతుకు యంత్రము ఇంజను. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజనును నిర్మించెను. నేటి పెట్రోలు ఇంజనులన్నియు దాని సంతతియే అనవచ్చును. ఇంధనము మండగా పుట్టు వేడిలో, స్థూలముగా, మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. ఇంకొక మూడవ వంతు పొగగొట్టము వెంట పోవును. తక్కినదానిలో అధికభాగమును ఇంజను చుట్టును ప్రవహించు నీరు మోసికొనిపోవలెను. మోయనిచో లోహము వ్యాకోచించును, నూనె పలుచబడును, తుదకు పిస్టను సిలిండరు గోడను పట్టివేయును.

తొలి మోటారు బండ్లలో ఈ భారమును తీర్చు ఉపాయము మిక్కిలి మోటైనది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటునకు దరఖాస్తు చేసిన మూడు చక్రముల బండిలో నీరు కాగి, ఆవిరియై గాలిలో కలిసిపోయెడిది. పోయినంత నీరు మరల పోయవలెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ బండిపై ప్రయాణము చేసెను. ఇంధనము తీరిపోగా వీస్లోఖ్ పట్టణములో ఒక మందుల దుకాణమున కొనెను. నీటి కొరకు మాత్రము దారిపొడవునను మరల మరల ఆగవలసివచ్చెను. ఇంధనమున కొక దుకాణము చాలెను. దాహమునకు మాత్రము దొరికిన నీటితావు లన్నియు కావలసివచ్చెను. మోటారు బండికి నీటిపై ఆధారము తగ్గిననే గాని దూరప్రయాణము లేదని ఆ ప్రయాణమే చాటినది.

ఆ చిక్కును విప్పినవాడు విల్‌హెల్మ్ మైబాహ్. ఆయన 1846లో జన్మించెను. పదియేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయి, రాయిట్లింగెన్ పట్టణమందలి ఒక ధర్మసంస్థలో పెరిగెను. అచ్చటనే గాట్లీబ్ డైమ్లరు దృష్టిలో పడి, జీవితాంతము ఆయనకు కుడిభుజమై నిలిచెను. 1900లో డైమ్లరు మరణించిన పిమ్మట, ఆ సంవత్సరముననే మైబాహ్ రూపొందించిన కొత్త కారు ఎమిల్ యెలినెక్ అను వర్తకుని కుమార్తె పేర మెర్సిడెస్ అని ప్రసిద్ధమాయెను. దాని ముందుభాగమున తేనెపట్టువంటి రేడియేటరు అమర్చబడెను. అడ్డుకోతలో ఆరేసి మిల్లీమీటర్ల చదరముగా నుండు 8,070 చిన్న గొట్టములను చేర్చి దానిని నిర్మించిరి. గొట్టములలోపల గాలి, వాని నడుమ సందులలో నీరు. నీరు పలుచని పొరగా విడిపోయి గాలిని తాకుటచే, మునుపటి నీటిలో సగము నీరే చాలెను. రేడియేటరు వెనుక ఒక విసనకర్రను కూడ అమర్చిరి. బండి మెల్లగా పోవునపుడు గాలిని లాగుట దాని పని. 1901 మార్చిలో నీస్ నగరమున జరిగిన పందెములలో ఆ కారు పొందిన విజయములు ప్రపంచమెల్ల తెలిసినవే. ఆ విజయములలో తేనెపట్టునకును భాగము కలదు.

అప్పటినుండి విసనకర్ర మోటారు బండికి విడరాని అంగమాయెను. 1908లో వెలువడిన ఫోర్డు టీ మోడలు కారులో తోలుపట్టాతో తిరుగు ఫాను ఉండెను. 1927లో ఆ మోడలు నిలిచిపోవులోపల కోటిన్నరకు పైగా బండ్లు తయారైనవి. కాని ఈ విసనకర్రకు ఒక లోపము కలదు. దానికి వేళాపాళా తెలియదు. ఇంజను తిరిగినంతసేపును అది తిరుగవలసినదే. తెల్లవారుజామున ఇంజను చల్లగానుండి వేడెక్క గోరునపుడు కూడ అది వీచుచునే యుండును. బండి వేగముగా పరుగెత్తునపుడు ఎదురుగాలియే రేడియేటరుకు చాలును. అయినను ఇంజనుతోపాటు ఫానును వడిగా తిరుగుచు, అక్కరలేని గాలికై ఇంధనమును కాల్చుచుండును.

ఈ వ్యర్థము స్వల్పమని తలపరాదు. ఫాను వేగము రెట్టింపైన గాలి రెట్టింపగును. కాని దానిని త్రిప్పుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. ఈ లెక్కను వెనుకకు త్రిప్పి చూచిన ఎంతో ఆశ కలుగును: వేగమును సగము చేసిన శక్తి ఎనిమిదవ వంతు చాలును. పెద్ద లారీలలో ఫాను ఒక్కటియే పదులకొలది అశ్వశక్తిని మ్రింగగలదు. కావున అవసరము లేనపుడు దానిని నిదురపుచ్చి, అవసరమైనపుడు మేలుకొలుపు సేవకు డొకడు కావలెను. ఆ సేవకుడు వేడిని కనిపెట్టవలెను; కనిపెట్టి విసనకర్రను ఇంజనుతో కలుపవలెను. కనిపెట్టు కన్ను ఒకటి, కలుపు చేయి ఒకటి.

కన్ను సిద్ధమై అప్పటికి నూట యేబది యేండ్లు గడచినవి. దాని కర్త జాన్ హారిసన్. ఇంగ్లండులో యార్కుషైరు ప్రాంతమున 1693లో జన్మించిన ఈయన వృత్తిచే వడ్రంగి. నడిసముద్రమున ఓడ యే రేఖాంశముపై నున్నదో తెలిసికొను ఉపాయమునకు బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20,000 పౌండ్ల వరకు బహుమానము ప్రకటించెను. తప్పులేని గడియార మొకటి ఓడలో నున్నచో రేఖాంశము లెక్కింపవచ్చును. కాని ఎండకు లోహము సాగి, చలికి కుంచించుకొని, గడియారపు నడక మారిపోవును. హారిసన్ తన మూడవ గడియారముపై 1740 మొదలు సుమారు పందొమ్మిదేండ్లు శ్రమించెను. ఇత్తడి పట్టీని ఉక్కు పట్టీతో జతచేసి రివెట్లు కొట్టెను. వేడికి ఇత్తడి ఎక్కువ సాగును, ఉక్కు తక్కువ సాగును. రెండును విడిపోలేవు గనుక పట్టీ వంగును. ఆ వంపే గడియారపు తప్పును దిద్దును. ఆ గడియారములోనే రాపిడిని తగ్గించుటకు, రోలర్లను పంజరమున నిలిపిన బేరింగును కూడ ఆయన కల్పించెను.

ఇంత శ్రమించిన మూడవ గడియారము బహుమానము తేలేదు. చేతిలో ఇముడు నాలుగవ గడియారమే 1761లో జమైకా ద్వీపమునకు బయలుదేరి, హారిసన్ మాట నిలబెట్టినది. అయినను, ఓడిపోయిన ఆ మూడవ గడియారపు ద్విలోహపు పట్టీ ప్రపంచమంతట వ్యాపించెను. నేడు ఫాను క్లచ్ ముందుభాగమున చుట్టగా కనబడు పట్టీ దాని వంశమునకు చెందినదే. డబ్బి నడుమ తిరుగు బేరింగునకును ఆ పంజరపు బేరింగు పూర్వికురాలే. రేడియేటరు గుండ వచ్చు గాలి వేడెక్కగానే ఈ చుట్ట మెలి తిరుగును. కన్ను అదియే.

ఇక చేయి. ఇనుమును ఇనుముతో ఒక్కసారిగా కలిపినచో కుదుపు కలుగును, అరుగుదల కలుగును. మెత్తగా పట్టి, మెత్తగా విడుచు చేయి కావలెను. జిగట ద్రవముతో అట్టి పట్టు సాధ్యమే. గిన్నెలో ఆముదము పోసి, నడుమ గరిటెను వడిగా త్రిప్పినచో, తుదకు గిన్నెయే తిరుగజూచును గదా! కాని ఆముదము చలికి గడ్డకట్టినట్లగును, వేడికి నీరువలె పలుచనగును. ఇంజను ముందు నిలిచి ఎండను చలిని సమముగా ఓర్చుకొను ద్రవము ప్రకృతిలో దొరకలేదు.

దానికి దారితీసినవాడు ఇంగ్లండులో నాటింగుహాము కళాశాలయందు పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్. 1899 మొదలు నలుబదేండ్లకు దగ్గరగా ఆయన సిలికాను సమ్మేళనములను పరిశోధించెను. స్ఫటికములుగా ఏర్పడు శుద్ధపదార్థములు ఆయనకు కావలెను. పాత్ర అడుగున మిగులు జిగట పదార్థములు ఆయనకు చికాకు కలిగించెడివి. తన జీవితకాలపు కృషిని సమీక్షించుచు ఆయన చేసిన ఉపన్యాసము 1937లో ముద్రితమాయెను. ఈ శాఖలో సమీపకాలమున గొప్ప పురోగతి యేదియు ఆశింపరానిదని అందు ఆయన అభిప్రాయపడెను. అదే దశకమున అమెరికాలో కార్నింగ్ గాజు సంస్థయందు ఫ్రాంక్లిన్ హైడ్ ఆ జిగట పదార్థముల విలువను గుర్తించెను. 1940లో యూజీన్ రోకో వానిని చౌకగా తయారుచేయు మార్గమును కనుగొనెను. 1943లో డౌ కార్నింగ్ సంస్థ ఏర్పడి, యుద్ధవిమానముల ఇగ్నిషను భాగములలో తేమ చొరకుండ సిలికోను లేపనమును అందించెను. సిలికోను నూనె గుణము నూనెలలో అపూర్వము: చలియు వేడియు ఎంత మారినను దాని చిక్కదనము కొంచెముగానే మారును. ఒక పండితుడు నిరాశతో విడిచిన పదార్థము మెకానిక్కు చేతికి వరమై వచ్చినది.

కన్నును చేతిని ఒక్కచోట చేర్చుట ఇక మోటారు ఇంజనీర్ల వంతు. 1960 దశకపు ఆరంభమున అమెరికాలో ఈటన్ సంస్థవారు పొందిన పేటెంట్లలో ఈ యంత్రపు రూపము స్పష్టముగా కనబడును. ఇరుసు చివర గాళ్లు తీసిన ఒక బిళ్ల ఉండును. ఫానును మోయు డబ్బిలోను వానికి సరిపడు గాళ్లు ఉండును. ఒకదానిలో నొకటి దూరియున్నను అవి తాకవు. నడుమ వెండ్రుకవాసి సందు. డబ్బిలో ఒక మూల సిలికోను నూనె నిలువచేయు అర కలదు. ఆ అరకు ఒక రంధ్రము, రంధ్రమునకు ఒక మూత. గాలి చల్లగా నున్నంతకాలము మూత మూసియుండును; నూనె అరలోనే యుండును; ఫాను అలసముగా తిరుగును. గాలి వేడెక్కగానే చుట్ట మెలి తిరిగి మూతను జరుపును. నూనె గాళ్లలోనికి పారి, తిరుగు బిళ్లకును డబ్బికిని పట్టు కలిగించును. అప్పుడు హోరు పుట్టును. చల్లబడిన పిమ్మట మూత మరల పడును. గాళ్లలోని నూనె అంచునుండి వెనుకకు అరను చేరును. ఇందు విద్యుత్తు లేదు, మీట లేదు. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము తరువాత చమురు ధర పెరిగి, కొన్ని నెలలలో సుమారు నాలుగింతలు కాగా, లారీ యజమానులు ఇంధనపు లెక్కలు చూడసాగిరి. వేళ యెరిగి వీచు ఫానుకు అప్పుడు ఆదరణ మరింత పెరిగెను.

ఇట్టి సేవకుడు జబ్బుపడినచో గుర్తించుట యెట్లు? మొదట జబ్బు ఎవరిదో తేల్చుకొనవలెను. బండి నిలిచియున్నపుడును, మెల్లగా ఎక్కునపుడును వేడి పెరిగి, వేగముగా పోవునపుడు తగ్గినచో, కొరత గాలిలో ఉన్నదని ఊహింపవచ్చును. అట్లుగాక వేగముగా పోవుకొలది వేడి పెరిగినచో, తప్పు ఎక్కువగా నీటి ప్రవాహములోనో, పూడుకొనిన రేడియేటరులోనో వెదకవలెను. నీటిమట్టము, పట్టా బిగువు, థర్మోస్టాటు చూడక ఫాను క్లచ్‌ను నిందించుట, నాడి చూడక మందు ఇచ్చుటవంటిది.

గాలి కొరతయే యని తోచినపుడు ఇంజనును ఆపి, తాళపుచెవి తీసి, పూర్తిగా చల్లారిన పిమ్మట ఫానును చేతితో త్రిప్పి చూడవలెను. ఆరోగ్యముగా నున్న ఫాను మెత్తని ప్రతిఘటనతో కదలి, విడిచిన వెంటనే నిలిచిపోవును. అడ్డులేక గిరగిర అనేక చుట్లు తిరిగినచో లోపలి నూనె పోయినదన్న మాట. డబ్బి అంచున దుమ్ము పట్టిన జిడ్డుచారలు దానికి సాక్ష్యము. రెక్క కొనను పట్టి ముందుకు వెనుకకు కదపగా వదులుగా ఊగినచో బేరింగు అరిగినది. నూనెచారలు లేక, బేరింగు గట్టిగానుండి, ఇంజను కాగినను హోరు పుట్టనిచో ముందరి చుట్టను అనుమానింపవలెను; అది విరిగియో, మట్టి పట్టి బిగిసియో ఉండవచ్చును. ఇందుకు విరుద్ధమైన జబ్బు కూడ కలదు: చల్లని వేళను వేడివేళను భేదములేక ఎల్లప్పుడు హోరెత్తుట. ఈ జబ్బుతో ఇంజను కాగదు గనుక ఎవరును పట్టించుకొనరు. డీజిలు మాత్రము నిత్యము ఖర్చగుచుండును. ఒక్క సంగతి మరువరాదు. రాత్రియంతయు నిలిచిన బండిలో నూనె గాళ్లలోనికి దిగి చేరును. ఉదయము ఇంజను వేయగానే ఒకటి రెండు నిమిషములు హోరు వినబడి అణగుట సహజమే గాని రోగము కాదు.

చెడిన క్లచ్‌కు మరమ్మతు సామాన్యముగా లేదు, మార్పుటయే మార్గము. కొన్ని ఇంజనులలో అది వాటరు పంపు ఇరుసుపై ఒకే పెద్ద నట్టుతో బిగింపబడియుండును. మరికొన్నింటిలో నాలుగు బోల్టులు ఉండును. ఆ పెద్ద నట్టు కొన్ని బండ్లలో ఎడమ మరయై యుండును. తెలియక బలముగా విప్పజూచినవారు వాటరు పంపునే చెరుపుదురు. కప్పీ కదలకుండ పట్టి, మర యే వైపునదో తెలిసికొని విప్పవలెను. రేడియేటరుకు రెక్క తగులకుండ అట్ట యొకటి అడ్డము పెట్టుట మేలు. రెక్కలలో పగులున్నదేమో చూచి, ఉన్నచో ఫానును కూడ మార్పవలెను. వడిగా తిరుగునపుడు విరిగిన రెక్క కత్తితో సమానము. కొత్త క్లచ్‌ను బల్లపై బోర్లించి పెట్టరాదు. ఇంజనుపై ఎట్లు నిలుచునో అట్లే నిలువుగా ఉంచవలెను. లేనిచో నూనె తన చోటు తప్పి, బయటికి కారినను కారవచ్చును.

ఇచ్చట కొందరు సులువైన దారి త్రొక్కుదురు. క్లచ్ చెడగానే దానికి రంధ్రములు చేసి, బోల్టులు వేసి, ఫానును ఇంజనుతో శాశ్వతముగా బిగించివేయుదురు. గమ్యము చేరువరకు అది ఆపద్ధర్మమే. సరకు కుళ్లిపోవుచు, దారిలో మరమ్మతుశాల లేనప్పుడు డ్రైవరును ఎవరు తప్పుపట్టగలరు? హెడ్ గాస్కెట్ కాలి ఇంజను చెడుటకంటె అది నయమే. కాని ఆపద్ధర్మము నిత్యధర్మమైనచో ఆ బండి 1908 నాటి టీ మోడలు ఫానును మరల మోయుచున్నదన్న మాట. గాలి కొరకు రెండు శతాబ్దముల ఆలోచనను చెరిపి, ఒక బోల్టును దాని స్థానమున నిలిపినట్లగును. ఇంజను ఎక్కువసేపు చల్లగానుండుట మేలని తలచి థర్మోస్టాటును తీసివేయు అలవాటును ఇట్టిదే. ఇంజనుకు కావలసినది చల్లదనము కాదు, తగిన వేడి.

నేటి చిన్నకార్లలో విద్యుత్తుతో తిరుగు ఫాను ఈ డబ్బి స్థానమును ఆక్రమించినది. బరువులు మోయు లారీలలోను, ఇంజను నిలువుగా అమరిన అనేక జీపులలోను మాత్రము ఫాను క్లచ్ నేటికిని కొలువు చేయుచున్నది. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల మెకానిక్కు ఒకడు చల్లారిన ఇంజను ముందు నిలిచి, రెక్కను ఒక్కసారి వ్రేలితో త్రిప్పి, తల ఆడించుట మీరు చూచియుండవచ్చును. ఆ వ్రేలికొనకు తెలియుచున్నది సిలికోను నూనె జిగటదనము. ఆ పిమ్మట అతని చూపు నిలుచునది ద్విలోహపు చుట్టపై. కిప్పింగ్ పేరుగాని, హారిసన్ పేరుగాని అతడు వినియుండకపోవచ్చును. అయినను వారి పని ఆ క్షణమున అతని చేతిలో నున్నది. దానిని సరిగా తెలిసికొని సరిచేసినచో, రేపు ఘాటు నడుమ ఆ బండి ఆవిరి చిమ్ముచు నిలిచిపోదు. దానిపై ఆధారపడిన కుటుంబము పొయ్యియు ఆరిపోదు.